బొట్టుబిళ్ళ వెనుక దీపం

గాలి తక్కువైతే కదా అది వెలగాలి, నాలుగు చక్రాలకూ పొద్దున్నే, రోడ్డు వేడెక్కకముందే, మీటరు పెట్టించి చూశాను, ఉండవలసిన దానికంటే ఒక పిసరు ఎక్కువే ఉంది, అయినా వెలుగుతూనే ఉంది, స్టీరింగు వెనుక అద్దం కింద, వేగం చెప్పే ముల్లుకు ఎడమ పక్కన, పైన తెరుచుకున్న గిన్నె లాంటి గుర్తు, దాని నడుమ ఒక ఆశ్చర్యార్థకం, నారింజ రంగులో, ఇప్పుడు దాని మీద సుచరిత బొట్టుబిళ్ళ అంటుకుని ఉంది కనుక నేరుగా కనబడదు, మెరూన్ బిళ్ళ అంచుల వెంట మాత్రం సన్నగా కారుతుంది, గ్రహణం నాటి సూర్యుడిలా, గ్రహణం అని ఎందుకనుకున్నాను, ఇవాళ అలాంటి మాటలు తలచకూడదు, ఇవాళ ఏమీ తలచకుండా బండి నడిపితే చాలు, ఉప్పుగూడ వెనకబడింది, చాంద్రాయణగుట్ట వైపు మళ్ళాను, పక్క సీట్లో సుచరిత, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టిన చోటే ఉంది, ఎవరో మరిచిపోయిన వస్తువులా, వెనుక సీట్లో ఆమె బట్టల సంచీ, మందుల సంచీ, ఆమె దిండు, సొంత దిండు తెచ్చుకోవచ్చు అన్నారు ఆశ్రమం వాళ్ళు, పహాడీషరీఫ్ దాటాక శ్రీశైలం రోడ్డు మీద ఉంది ఆశ్రమం, మతి తప్పినవాళ్ళను చూసుకుంటారు, మధ్యాహ్నం భోజనాలకు ముందే తీసుకువస్తే అలవాటు పడుతుంది సార్ అన్నారు, అలవాటు పడేది ఆమెనా నేనా అని అడగలేదు, బయల్దేరేటప్పుడు పాలు పోసే బాలమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది, ఆమే జడ వేసింది, కొత్త బొట్టు పెట్టింది, అమ్మను ఏడికి తోల్కపోతున్నరు సారూ అంది, దవాఖానకు అన్నాను, దవాఖానకైతే దిండెందుకు సారూ అంది, నేను సంచీ సర్దుతున్నట్టు వంగాను, బాలమ్మ సుచరిత గడ్డం పట్టుకుని, నీ మొగుడు పెద్ద సదువు సదివిండు గాని అమ్మా, అబద్ధమాడ రాదు, అంది, సుచరిత నవ్వింది, లేక పెదవి ఎడమకు లాగింది, సగం ముఖం మాత్రమే కదిలే మనిషిలో నవ్వుకూ లాగుడుకూ తేడా ఎవరు చెప్పగలరు, నేను చెప్పలేను, తానూ చెప్పలేనని డాక్టరు కూడా అన్నాడు.

ఈ కారు నాది కాదు, వంశీధర్‌ది, సుచరిత తమ్ముడు, సింగపూర్ ఉద్యోగం మానుకుని వస్తూ ఓడలో వేయించి తెచ్చుకున్నాడు, విశాఖపట్నంలో ఇల్లు కట్టుకున్నాడు, అక్కకు పక్షవాతం అనగానే ఇందులోనే పరుగెత్తుకొచ్చాడు, ఆసుపత్రికి ఆటోల్లో ఎంతకని తిప్పుతారు బావగారూ, ఇది మీ దగ్గరే ఉండనివ్వండి, అని తాళాలు నా చేతిలో పెట్టి రైలెక్కాడు, మంచివాడు, ఆ మంచితనంతో పాటు ఈ దీపాన్ని కూడా ఇచ్చాడని నాలో నేను అనుకున్నాను, అన్యాయంగా, ఎందుకంటే అతను ఇచ్చినప్పుడు అది వెలగలేదు, ఆ తర్వాతెప్పుడో మొదలైంది, ఎప్పుడో ఏ మలుపులోనో నాకు తెలియదు, ఆ రోజుల్లో నేను రోడ్డు తప్ప ఏమీ చూడలేదు, ఒకరోజు చూసేసరికి ఉంది, అంతే, గాలి కొట్టించాను, ఉంది, ఇంకో బంకులో కొట్టించాను, ఉంది, ఎక్కువైందేమోనని తీయించాను, మళ్ళీ పట్టించాను, హుస్సేనీ ఆలంలో ఒక మెకానిక్ బ్యాటరీ తీగలు విప్పి మళ్ళీ బిగించాడు, దీపం ఆరింది, హో గయా సాబ్ అన్నాడు, చార్మినార్ కనబడక ముందే మళ్ళీ వెలిగింది, ఫోన్‌లో వంశీధర్ కారుతో వచ్చిన పుస్తకం తెరిచి చదివి చెప్పాడు, ప్రతి చక్రంలోనూ వాల్వుకు లోపలి వైపు చిన్న యంత్రం ఉంటుందట బావగారూ, లోపల గాలి ఎంతుందో అదే కారుకు కబురు చేస్తుందట, స్టీరింగు కింద మీట ఒకటి ఉంది చూడండి, నొక్కి పట్టుకోండి, అన్నాడు, నొక్కి పట్టుకున్నాను, వేలు తిమ్మిరెక్కే దాకా పట్టుకున్నాను, సుచరిత అప్పుడు పక్క సీట్లోనే ఉంది, నా వేలినే చూస్తోంది, అదే, అంది, ఆమెకు మిగిలిన మాట అదొక్కటే, నలభై ఏళ్ళుగా పోగు చేసుకున్న మాటలన్నీ పోయి అదొక్కటి మిగిలింది, అన్నం తింటావా అంటే అదే, నొప్పిగా ఉందా అంటే అదే, నేనెవరిని సుచరితా అంటే నా కళ్ళలోకి చూసి, అదే, తత్త్వశాస్త్రం చెప్పుకుని బతికేవాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఉంటుందా, ఒక మాటకు అన్ని అర్థాలూ ఉండవచ్చు, ఏ అర్థమూ లేకపోవచ్చు, రెంటి మధ్య నేను నిలబడి ఉండాలి, అందుకే కాబోలు ఈ దీపాన్ని పట్టుకున్నాను, దీనికైనా కారణం ఉంటుంది కదా, వెతికితే దొరికే కారణం, ఆమె మెదడులో ఎక్కడ నెత్తురు ఆగిందో డాక్టరు ఫిలిమ్ మీద పెన్సిల్ కొనతో చూపించాడు, కారణం దొరికింది, మాట దొరకలేదు, అయినా ఇది యంత్రం, యంత్రం దగ్గర కారణం దొరికితే జబ్బు పోవాలి, అది పోతే ఏదో ఒకటి పోయినట్టే కదా అని, ఆమె అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయి కూర్చుంటే నేను ఎదురుగా కూర్చుని చక్రాల గురించి ఆలోచించాను, ఆమె స్నానాల గదిలో జారిపడి, నేను కాలేజీ నుంచి వచ్చేదాకా ఆ తడిలోనే ఉండిపోయిన రోజు కూడా, ఎత్తి ఆసుపత్రికి తీసుకెళుతూ, దారిలో నేను ఈ దీపాన్నే చూశాను, ఏం మనిషిని నేను.

ఆ రోజు నుంచే వంశీధర్ మెత్తగా అడగడం మొదలుపెట్టాడు, మీరు ఒక్కరూ ఎలా చేస్తారు బావగారూ, పిల్లలా లేరు, పాఠాలా మానలేరు, అక్కకు మనం కావాలో వద్దో కూడా తెలియదు కదా, ఆశ్రమం మాటకు నేను కాదంటూ వచ్చాను, బలంగానే కాదన్నాను, బొట్టుబిళ్ళ దాకా, అది చాంద్రాయణగుట్ట దగ్గర బంకులో జరిగింది, నేను దిగి వెళ్ళి గాలి పట్టేవాడితో వాదులాడుతున్నాను, మీ మీటరు తప్పు చూపిస్తోందేమో అని, తప్పు జూపిస్తే అందరికీ జూపెట్టాలె గద సార్, మీ ఒక్కరికే జూపెడ్తదా, అని వాడు, ఎండలో ఆమెకు ఉక్కపోయకూడదని బండి ఆపకుండా చల్లగాలి నడుస్తూ ఉండగానే దిగాను, తిరిగి వచ్చి కూర్చుంటే స్టీరింగు వెనుక అద్దం మీద ఆమె బొట్టుబిళ్ళ, ఆమె నుదురు బోడిగా ఉంది, బిళ్ళ ఉన్న చోట గుండ్రంగా పాలిపోయిన చర్మం, నా లోపల ఏదో తెగింది, బొట్టు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని సుచరిత, స్నానానికి వెళుతూ బిళ్ళ తీసి అద్దానికి అంటించి, వచ్చి మళ్ళీ అదే అద్దంలో చూసుకుంటూ పెట్టుకునే సుచరిత, ఇంట్లో ఏ అద్దం చూసినా ముందు ఆమె బిళ్ళలు కనబడి తర్వాత నా ముఖం కనబడేది, ఆ చేతికి అద్దం అనేది గుర్తుంది కాని నుదురు అనేది పోయిందన్న మాట, అని నేనే నిశ్చయం చేశాను, నేనే వంశీధర్‌కు ఫోన్ చేసి చెప్పాను, ఏడుస్తూ చెప్పాను, అతను, బావగారూ, ఇక మనల్ని మనం ఎందుకు మోసం చేసుకోవడం, అక్క లేదండీ అక్కడ, అన్నాడు, అక్కడ అక్క లేదు, ఎంత సరిగ్గా చెప్పాడు, అది నేను ఏటా చెప్పే పాఠమే, అనుపలబ్ధి, ఉన్నదాన్ని కళ్ళు చూపిస్తాయి, లేనిదాన్ని ఏది చూపిస్తుంది, ఈ నేల మీద కుండ లేదు అని నీకెలా తెలిసింది, కనబడలేదు కనుక తెలిసింది, ఉంటే కనబడేది, కనబడకపోవడమే లేకపోవడానికి సాక్ష్యం, ఆ తర్వాత ఇంకొక వాక్యం ఉంది, క్లాసులో పిల్లలు తొందర తొందరగా రాసుకునే వాక్యం, ముందు లారీ బ్రేకు వేసింది, నేనూ వేశాను, సుచరిత ముందుకు తూలితే సీటు పట్టీ ఆపింది, దెబ్బ తగిలిందా అన్నాను, అదే, అంది, బిళ్ళ అంచు ఒకటి ఎండకు జిగురు వదిలి పైకి లేచింది, ఆ చీలికలోంచి దీపం నా కంట్లోకి సూటిగా పడింది.

బార్కస్ వచ్చింది, రోడ్డు పక్కన జామపళ్ళ బళ్ళు, లుంగీల మనుషులు, ఇక్కడి నుంచి పహాడీషరీఫ్ ఎంతో లేదు, ఆ తర్వాత ఆశ్రమం, చక్రం పేలితే అన్నాను, పైకే అన్నాను, ఆమెతో ఇలా వెళుతుండగా దారిలో చక్రం పేలితే, ఒకసారి చూపించుకుని వెళదాం, ఆలస్యమైతే అవుతుంది, నాకు తెలుసు నేను చక్రం గురించి మాట్లాడటం లేదని, తెలిసీ పక్కకు తీశాను, మొగులయ్య పంచరు దుకాణం ముందు, ఇదివరకు ఆసుపత్రి నుంచి వస్తూ మేకు దిగితే ఇతని దగ్గరే బాగు చేయించుకున్నాను, దీపం మొదలయ్యాక గాలి చూపించడానికీ వచ్చాను, ఆ మేకు దిగిన రోజున చక్రం విప్పుతాడని సుచరితను వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టి, ఎండ మళ్ళిన కొద్దీ గొడుగు తిప్పుతూ ఆమె పెదవులనే చూస్తూ గడిపాను, ఒక కొత్త మాట వస్తుందేమోనని, ఇవాళ ఆమెను దింపలేదు, బండి నడుస్తూనే ఉంచి, చల్లగాలి ఆమె వైపు తిప్పి దిగాను, ఏంది సార్, గా లైటు ఇంకా పోలేదా, మస్తు సతాయిస్తున్నదే, అని మొగులయ్య లుంగీకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, బల్ల మీద చాయ్ తాగుతున్న తెల్లగడ్డం పెద్దాయన, క్యా మాస్టర్ సాబ్, హమారే మొహల్లే మే కరెంటిచ్ నై, ఆప్ కీ గాడీ కీ బత్తీ బుఝ్‌తీచ్ నై, అని తన మాటకు తానే నవ్వాడు, మా వీధిలో కరెంటే లేదు, మీ బండి దీపం ఆరనే ఆరదు, నేనూ నవ్వాను, నవ్వు వచ్చినందుకు సిగ్గుపడ్డాను, మొగులయ్య మీటరు పట్టుకుని నాలుగు చక్రాల చుట్టూ తిరిగాడు, బరాబరున్నది సార్, ఏం ఫికర్ లేదు, అమెరికా దాకా పోవచ్చు, అన్నాడు, మరి దీపం, అన్నాను, లైటుదేముంది సార్, ఎలక్ట్రీషన్‌కు చెప్పి బల్బు పీకేయిస్తే అయిపాయె, లొల్లి ఖతం, చూసుడెందుకు పరేషానెందుకు, అన్నాడు, పీకేయిస్తే అయిపోతుంది, చూడకపోతే బాధ లేదు, భోజనాల వేళకు ముందే తీసుకువస్తే అలవాటు పడుతుంది సార్, బండి మీద చెయ్యి ఆనించాను, నా ముఖం చూసి అనుమానపడుతున్నాననుకున్నాడు కాబోలు, మొగులయ్య వెనుక ఎడమ చక్రాన్ని అరచేత్తో చరిచాడు, గీ చక్రం జూడుండ్రి, నేను జేసిందే గద, నాలుగిట్ల ఇదే గట్టిగున్నది, మీరు తెచ్చిన్నాడు దీంట్ల ట్యూబే లేకుండె, ట్యూబ్ లేని టైరేంది సార్, తోలే గాని లోపట బొక్కల్లేని మనిషి లెక్క, నేనే మంచి ట్యూబేసి బిగించిన, అప్పటిసంది గింతన్న గాలి దిగిందా, దిగితే నా దుకాణం బంద్ జేస్త, అన్నాడు, ట్యూబ్ వేశావా, అన్నాను, వెయ్యనా మరి, మరి దాని వాల్వు, అన్నాను, ట్యూబుకు దాని వాల్వు దానికే ఉంటది గద సార్, పాతది పీకి పారేసిన, లోపటి దిక్కు నల్లగ అగ్గిపెట్టె లెక్క ఏందో అతుక్కొని ఉండె, ట్యూబుకు గుచ్చుకుంటదని.

లోపలి వైపు చిన్న యంత్రం, లోపల గాలి ఎంతుందో అదే కారుకు కబురు చేస్తుంది, మొగులయ్య ఇంకా ఏదో చెబుతున్నాడు, మంచి కంపెనీ ట్యూబు అనో ఏమో, అతని మీద కోపం రాలేదు, ట్యూబ్ లేకుండా గాలి నిలుస్తుందని అతనెలా నమ్మగలడు, అతను తన ఎరికలో ఉన్న మంచి చేశాడు, మేమందరమూ అదే చేశాం, ఆ చక్రంలో గాలి ఉంది, నాలుగింటిలోనూ గట్టిగా ఉన్నది అదే, పోయింది గాలి కాదు, ఉందని చెప్పేది పోయింది, కారు అడుగుతూనే ఉంది, ఆ మూల నుంచి జవాబు రాలేదు, జవాబు రాలేదు కనుక ఏదో లోటు ఉందని దీపం పెట్టింది, పాపం దాని తప్పూ లేదు, ఆ దీపాన్ని చూసి గాలి లేదని నిశ్చయించింది నేను, గాలి కొట్టించాను, తీయించాను, మళ్ళీ కొట్టించాను, నిండుగా ఉన్నదానిలో ఇంకా నింపాను, ఒక్కసారి కూడా, చెప్పే దారి మూసుకుపోయిందేమో అని అనుకోలేదు, ఆ రెండో వాక్యం, పిల్లలు తొందరగా రాసుకునే వాక్యం, ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద నేనే రాసిన వాక్యం, ఉంటే కనబడి తీరే చోట కనబడకపోతేనే అది లేదని చెప్పగలవు, చీకటి గదిలో కుండ కనబడకపోతే అక్కడ లేనిది కుండ కాదు, వెలుతురు, పిల్లలు తల ఊపేవారు, నేను సుద్దముక్క కింద పెట్టేవాణ్ణి, ఇంటికి వచ్చి సుచరిత చేతి ఫిల్టరు కాఫీ తాగేవాణ్ణి, ఇది వాక్యం కాదు, ఏ రోజో నా ఇంట్లోకే వస్తుంది అని నాకెందుకు తట్టలేదు, అక్క లేదండీ అక్కడ, అన్నాడు వంశీధర్, అవును అన్నాను, నా నోటితో అన్నాను, ఏ సాక్ష్యంతో అన్నాను, ఒక బొట్టుబిళ్ళ సాక్ష్యంతో, అది నుదుటి మీద లేదన్నదే చూశాను, ఎక్కడ ఉందో చూడలేదు, జానెడు వెడల్పు అద్దం, వేగం ముల్లు ఉంది, పెట్రోలు ముల్లు ఉంది, ఎంత ఖాళీ ఉంది, ఆ బిళ్ళ వాటిలో దేని మీదా లేదు, ఆ దీపం మీదే, ఆశ్చర్యార్థకం నడిమధ్యలో, గురి చూసి పెట్టినట్టు, గురి చూసి, కాదు, ఆశపడకు, ఇప్పుడే కదా తెలిసింది నువ్వు నీకు కావలసిందే చూస్తావని, ఇదీ అలాగే కావచ్చు, కాకతాళీయం కావచ్చు, తల ఎత్తి ముందు అద్దంలోంచి లోపలికి చూశాను, ధైర్యం కోసమో భయంతోనో తెలియదు.

ఆమె వంగుతోంది, నన్ను చూడలేదు, లేచిన బిళ్ళ అంచునే చూస్తోంది, బిళ్ళ వెనుక నుంచి కారుతున్న నారింజ వెలుగునే చూస్తోంది, కుడి చెయ్యి ఒళ్ళోంచి జారి సీట్ల మధ్య పడిపోయింది, దాన్ని పట్టించుకోలేదు, ఎడమ చెయ్యిని ఒంటికి అడ్డంగా చాచి స్టీరింగు వైపు వస్తోంది, పట్టీ తటాలున బిగిసి ఆపేసింది, ఆమె వెనక్కి తగ్గింది, ఒక క్షణం ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ వంగింది, ఈసారి మెల్లగా, చాలా మెల్లగా, పట్టీకి తెలియకుండా దాన్ని తనతో పాటు లాక్కుంటూ, ఇది ఆమెకు మొదటిసారి కాదు, గుంజితే ఆగుతుందనీ మెల్లగా అయితే వస్తుందనీ ఆమె నేర్చుకుని ఉంది, నేను ఎండలో మీటర్ల గురించి వాదులాడుతూ ఉండగా ఒంటరిగా నేర్చుకుంది, స్టీరింగు సందులోంచి వేళ్ళు అద్దాన్ని చేరాయి, బొటనవేలితో బిళ్ళ అంచును నొక్కింది, ఇటు నొక్కితే అటు వెలుగు కారింది, అటు నొక్కింది, చుట్టూ, అంచు అంచంతా, నా చొక్కా గుండీ ఊడిపోకుండా దారం చుట్టూ వేలితో నొక్కినట్టు, వెలుగు ఎక్కడా కనబడకుండా అయ్యేదాకా, అప్పుడు వెనక్కి వాలి, కళ్ళతో నన్ను వెతికింది, అద్దం అవతల నన్ను పట్టుకుని నా ముఖంలోకి చూసింది, జ్వరం దిగిందా అని నుదురు తాకి చూసే చూపు అది, నాకు ఆ చూపు తెలుసు, పెళ్ళయిన నాటి నుంచీ తెలుసు, ఆ దీపం నన్ను ఏం చేస్తోందో ఆమె రోజూ పక్కనే కూర్చుని చూసింది, ఆర్పలేకపోయింది, చెప్పలేకపోయింది, తన దగ్గరున్నది తీసి దాన్ని మూసింది, నేను రోడ్డు చూడాలని, కాస్త నెమ్మదిపడాలని, నేను దాన్నే ఆమె లేదనడానికి సాక్ష్యంగా పట్టుకుపోయాను, ఏం సార్, వాల్వు ఎతకాల్నా, అని మొగులయ్య అడుగుతున్నాడు, వద్దు మొగులయ్యా, ఉండనీ, అన్నాను, జేబులో ఫోన్ మోగింది, వంశీధర్, బావగారూ, చేరారా, వాళ్ళు మీకోసం చూస్తున్నారట, ఇంటికి వెళుతున్నాం వంశీ, అన్నాను, అదేమిటండీ, అక్కకు ఏమైనా అయిందా, తలుపు తీసి, జారిపడిన ఆమె కుడి చెయ్యిని ఎత్తి ఒళ్ళో పెట్టాను, బరువుగా, వెచ్చగా ఉంది, ఆమె నా వైపు చూస్తూ, అదే, అంది, ఏమీ కాలేదు వంశీ, మీ అక్క ఇక్కడే ఉంది, అన్నాను.